పొగలేని పొయ్యి కథ

పొయ్యి గురించి మాట్లాడబోతున్నానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. గ్యాసు బండ వచ్చి ఇంట్లో కూర్చున్నాక ఇంకా కట్టెల పొయ్యి గొడవేమిటి, ఈవిడకి వేరే సంగతే దొరకలేదా అనుకోవచ్చు. కాని ఒక్కసారి ఆలోచించండి. కార్తీకమాసం వస్తే వనభోజనాలకి వెళ్తాం. సంక్రాంతికి ఊరు వెళ్తే అరిసెల పాకం కట్టెల పొయ్యి మీదే పట్టాలంటారు అత్తగారు. పెరట్లో స్నానాలకి నీళ్లు కాచే రాగి బాయిలరు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వుంది. అక్కడ పొయ్యి రాజేసే పని మన మీద పడిందా, ఇక చూడండి! ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడతాయి, మంట రాదు గాని పొగ మాత్రం ఇల్లంతా కమ్ముకుంటుంది. “ఈ పట్నం వాళ్లకి పొయ్యి అంటించడం కూడా రాదమ్మా” అని ఒక మాట కూడా పడుతుంది.

పొయ్యి అంటించడం ఒక విద్యండీ. ఆ విద్యకి చరిత్ర కూడా వుంది. రాజుల చరిత్రలాగా ఎవరూ బడిలో చెప్పరు గాని, ఆ చరిత్రలో మన హైదరాబాదుకి మంచి చోటే వుంది.

ముందు పొగ సంగతి చూద్దాం. కట్టె మండుతోందని మనం అంటాం గాని, నిజానికి మొదట మండేది కట్టె కాదు. వేడి తగలగానే కట్టెలోని తడి ఆవిరై పోతుంది. ఆ తర్వాత కట్టెలోంచి కొన్ని వాయువులు బయటికి వస్తాయి. మనకి కనిపించే మంట ఆ వాయువులదే. వాటికి చాలినంత వేడీ, చాలినంత గాలీ దొరికితే పూర్తిగా మండిపోతాయి. దొరక్కపోతే సగం కాలీ కాలక పొగగా, మసిగా పోతాయి. అంటే పొగ అనేది మీరు డబ్బిచ్చి కొన్న కట్టెలో పనికి రాకుండా పోయిన భాగమన్నమాట. ఆ వాయువులు పోయాక మిగిలేది బొగ్గు. అది పొగ లేకుండా ఎర్రగా కాలుతుంది. కుంపట్లో బొగ్గులు బాగా రాజుకున్నాక పొగ రాకపోవడానికి కారణం ఇదే.

పచ్చికట్టె అయితే దాని బరువులో సుమారు సగం నీళ్లే వుంటాయి. ఆ నీళ్లన్నీ ఆవిరి చెయ్యడానికి మంట వేడి ఖర్చవుతుంది. ఇక అన్నం ఎప్పుడు ఉడకాలి?

మన పెద్దవాళ్లకి ఈ శాస్త్రం పుస్తకాల్లో తెలియకపోయినా చేతుల్లో తెలుసు. మూడు రాళ్ల పొయ్యి దగ్గర మొదలుపెట్టి, గాలి కొట్టకుండా మూడు వేపులా మట్టిగోడ కట్టి, ఒక వేపు కట్టెలు పెట్టడానికి నోరు వదిలారు. గిన్నె అడుగున గాలి ఆడడానికి పైన మూడు గడ్డలు పెట్టారు. పెద్ద పొయ్యి మంట వృథాగా పోనివ్వకుండా పక్కన ఇంకో చిన్న పొయ్యి కలిపారు. కోడిపొయ్యి అంటారు దాన్ని. అన్నం పెద్ద పొయ్యి మీద పొంగుతుంటే పక్కన పాలో పప్పో సన్నని సెగ మీద కాగుతుండేది. తెలివైన ఏర్పాటే. అయితే అందులో ఒక్క లోపం వుండిపోయింది. పొగ ఎక్కడికి పోవాలి? దానికి దారి లేదు. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి కళ్లలోకి, ఊపిరిలోకి పోయి, ఆ తర్వాత పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది. పొగ తగిలితే ఇంటికప్పుకి పురుగు పట్టదనీ, దోమలు రావనీ సమాధానం చెప్పుకున్నారు. అది అబద్ధం కాదు. కాని కప్పు బాగుకోసం ఇల్లాలి కళ్లు పోవాలా?

ఈ ప్రశ్న స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో కొందరు అడిగారు. గ్రామ పరిశ్రమల కోసం గాంధీగారు 1934లో పెట్టించిన సంఘం వార్ధాలో, మగన్‌వాడిలో పనిచేసేది. నడిపినవారు జె.సి. కుమారప్పగారు. అక్కడ మట్టితో, పొగగొట్టంతో ఒక పొయ్యి తయారు చేసి మగన్ చూల్హా అని పేరు పెట్టారు. తర్వాత మన హైదరాబాదు ఇంజనీరింగ్ రిసెర్చి లేబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజుగారు అనే ఇంజనీరు అదే పని పట్టుకున్నారు. లేబొరేటరీ పేరులోని ఇంగ్లీషు అక్షరాలు కలిపి ఆ పొయ్యిని హెర్ల్ చూలా అన్నారు. 1953లో ఆయన పొగలేని వంటిళ్ల గురించి ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాస్తే మద్రాసులో అచ్చయింది.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. ఈ పొయ్యి వల్ల ఆడవాళ్లకి అయిదు స్వాతంత్ర్యాలు వస్తాయని చెప్పారాయన. పొగ నుంచి, మసి నుంచి, వేడి నుంచి, వృథా నుంచి, నిప్పు ప్రమాదం నుంచి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లయింది అప్పటికి. ఆ మాట వంటింటి గడప దాటి లోపలికి రాలేదని ఒక ఇంజనీరుకి తోచింది చూడండి! కట్టెల పొదుపు ఆ అయిదింటిలో ఒకటి మాత్రమే. మిగిలిన నాలుగూ పొయ్యి ముందు కూర్చునే మనిషి గురించే. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే తర్వాత వచ్చిన పెద్దలు దీన్ని తలకిందులు చేశారు.

ఆ పొయ్యి ఎలా పనిచేస్తుందంటే, మట్టితో కట్టిన మూసివున్న సొరంగం లాంటిది అనుకోండి. ఒక చివర కట్టెలు పెట్టే నోరు. పైన వరసగా గిన్నెలకి కన్నాలు. రెండో చివర పైకి పోయే పొగగొట్టం. వేడిగాలి తేలిక గనక గొట్టంలోంచి పైకి లేస్తుంది. అది లేస్తున్నకొద్దీ నోటి వేపు నుంచి కొత్త గాలి లోపలికి పీల్చుకుంటుంది. మంట మొదటి గిన్నె కింద నుంచి రెండో దాని కిందికి, అక్కడినుంచి మూడో దాని కిందికి పాకుతూ పోయి, చివరికి పొగ ఇంటి బయట తేలుతుంది. ఊదుగొట్టంతో పనే లేదు, ఊదే పని పొగగొట్టమే చేస్తుంది. కాని ఇదంతా జరగాలంటే గిన్నె కన్నంలో బిగుతుగా కూర్చోవాలి. ఒక కన్నం మీద గిన్నె పెట్టకుండా, మూతైనా వెయ్యకుండా వదిలేశారా, గొట్టం దాంట్లోంచి చల్లగాలిని పీలుస్తుంది. కట్టెల దగ్గరికి గాలి రాదు. మంట మందగిస్తుంది. పొగ వెనక్కి తిరిగి వంటింట్లోకే వస్తుంది.

1952లో మొదలయిన సమాజ వికాస పథకం వాళ్లు పల్లెల్లో చేసిన బోధల్లో పొగలేని పొయ్యి కూడా ఒకటి. చాలా ఊళ్లలో కట్టారు. చాలా ఊళ్లలో అది కొద్దికాలానికే మూలపడింది. ఆడవాళ్లకి మార్పు ఇష్టం వుండదనీ, మూఢత్వమనీ దొరలు రిపోర్టులు రాసుకున్నారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. మూఢత్వం ఎవరిదో చూడండి. పొయ్యి కన్నాలు ఒకే కొలతకి కడితే, ఇంట్లో వున్న గిన్నెలు వేరే కొలతవి. కట్టెలు సన్నగా చీల్చి పెట్టాలి, కాని గొడ్డలి పట్టి చీల్చిపెట్టే తీరిక మగవాళ్లకి లేదు. గొట్టంలో నెలనెలా మసి దులపాలి, కప్పెక్కి దులిపేదెవరు? మసి పూడుకుపోయిన గొట్టం పొగ లాగదు. గొట్టం వుండీ ఇంట్లో పొగ నిండితే, ఏ ఇల్లాలైనా దాన్ని పడగొట్టి పాత పొయ్యి వేసుకుంటుంది. నేనైనా అంతే, మీరైనా అంతే.

ఈలోగా డాక్టర్లు వేరే దారిలో ఇదే చోటికి వచ్చారు. ఢిల్లీ లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో పనిచేసిన గుండె డాక్టరు ఎస్. పద్మావతిగారి పేరు మీరు వినే వుంటారు. ఊపిరితిత్తులు చెడి, ఆ భారం గుండె మీద పడే జబ్బు ఒకటి వుంది. పై దేశాల్లో అది ముఖ్యంగా సిగరెట్లు తాగే మగవాళ్లకి వచ్చేది. ఢిల్లీలో చూస్తే, చుట్టా బీడీ ముట్టని ఆడవాళ్లకి కూడా, అదీ చిన్న వయసులో, వస్తోంది. ఆమె 1950ల చివర్లో దీని గురించి రాశారు. వంటింటి పొగ మీదికి అనుమానం పోయింది. అయితే అది అనుమానంగానే చాలాకాలం వుండిపోయింది, ఎందుకంటే వంటింట్లో ఎంత పొగ వుందో కొలిచినవాళ్లు లేరు.

కొలిచింది 1981లో. కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త, మన దేశపు శాస్త్రవేత్తలతో కలిసి గుజరాత్ పల్లెలకి వెళ్లి, వంట చేస్తున్న ఆడవాళ్లకే గాలిని కొలిచే చిన్న యంత్రాలు తగిలించారు. వాళ్లు పీల్చే గాలిలో ఘనపు మీటరుకి సగటున దాదాపు 7 మిల్లీగ్రాముల ధూళి తేలింది. అంటే 7000 మైక్రోగ్రాములు. ఇవాళ మన దేశంలో బయటిగాలిలో సన్నని ధూళికి పెట్టుకున్న హద్దు రోజు సగటున 100 మైక్రోగ్రాములు. రెండిటినీ కొలిచే పద్ధతి ఒకటి కాదు గనక పక్కపక్కన పెట్టి భాగారాలు చెయ్యకూడదు గాని, తేడా ఎంతటిదో మీకు తెలియడానికి చెప్పాను. ఫ్యాక్టరీ గొట్టాల పొగ గురించి చట్టాలు చేస్తున్న కాలంలో ఈ పొగని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు.

మరి ప్రభుత్వం కదిలింది దేనికోసం? అడవుల కోసం. 1973లో ప్రపంచమంతా పెట్రోలు ధర మండిపోయింది. అప్పుడే పెద్దవాళ్లకి ఇంకో సంగతి గుర్తొచ్చింది, బీదవాళ్ల ఇంధనం కట్టె కదా, అదీ అయిపోతుందేమో అని. వంటకట్టెల వల్లే అడవులు తరిగిపోతున్నాయన్న మాట బలంగా వినపడింది. (పల్లెల్లో ఆడవాళ్లు ఏరుకొచ్చేది ఎక్కువగా ఎండుపుల్లలూ, కంపా, పిడకలూ. చెట్లు నరికేది వేరేవాళ్లు. ఆ సంగతి తర్వాత తీరిగ్గా ఒప్పుకున్నారు.) 1983-84లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. పాత పొయ్యిలో నూటికి పది వంతుల వేడి మాత్రమే గిన్నెకి చేరుతుందని లెక్కవేసి, కొత్త మట్టిపొయ్యి కనీసం ఇరవై వంతులు అందించాలని నియమం పెట్టారు. రాజుగారి అయిదింటిలో కట్టెల పొదుపు ముందుకి వచ్చి కూర్చుంది. మిగిలినవి దాని వెనక నిలబడ్డాయి.

2002లో ఆ కార్యక్రమం ఆగిపోయేలోగా మూడు కోట్లకి పైగా పొయ్యిలు కట్టినట్టు లెక్క. కట్టినవి అన్ని. నిలిచినవి ఎన్నంటే, చాలాచోట్ల పాత కథే. మేస్త్రీ వచ్చాడు, కట్టాడు, టార్గెట్ పుస్తకంలో సంతకం తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఎలా వాడాలో ఇల్లాలికి చెప్పేవాళ్లు లేరు.

బాగా జరిగినచోట్లు కూడా వున్నాయి, అవి చెప్పకపోతే తప్పు. హర్యానాలో నాడా అనే చిన్న ఊళ్లో మధు సరీన్ అనే ఆవిడ 1980 ప్రాంతాల్లో పొయ్యిలు కట్టడం ఆ ఊరి ఆడవాళ్లకే నేర్పారు. తమ గిన్నెల కొలత, తాము కూర్చునే ఎత్తు, రొట్టె కాల్చుకునే తీరు, అన్నీ వాళ్లకే తెలుసు గనక పొయ్యిని వాళ్లే మార్చుకున్నారు. పగులు వస్తే ఇంత మట్టీ పేడా కలిపి వాళ్లే పూసుకున్నారు. అదే కాలంలో బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అస్త్ర ఒలె అని మూడు గిన్నెల పొయ్యి తయారుచేశారు. ఒలె అంటే కన్నడంలో పొయ్యి. దాంట్లో కట్టెల కింద ఇనప జల్లి పెట్టి, కిందనుంచి గాలి ఆడేటట్టు, బూడిద కిందికి రాలిపోయేటట్టు చేశారు. చైనాలో అయితే పదేళ్లలోనే పది కోట్లకు పైగా కొత్త పొయ్యిలు ఇళ్లకి చేరాయి.

ఈమధ్య కాలంలో ఒడిశాలో 44 పల్లెల్లో పొగగొట్టం పొయ్యిలు ఇచ్చి, కొందరు ఆర్థిక శాస్త్రజ్ఞులు నాలుగేళ్లు వెంటపడి చూశారు. మొదటి ఏడాది వంటచేసేవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా లేకుండా పోయింది. కారణం? బాగుచేసుకోలేదు, సరిగా వాడలేదు, క్రమంగా వాడడమే మానేశారు. 1953 నుంచి ఇప్పటిదాకా అదే మాట, పొయ్యి కట్టడం సగం పనే.

గ్యాసు వచ్చింది గదా అంటారు. వచ్చింది, మంచిదే. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద మహిళా సంఘాల వాళ్లకి కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఉజ్వల పథకం దేశమంతా వచ్చింది, కనెక్షను ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. అయినా 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, గ్యాసులాంటి శుభ్రమైన ఇంధనంతో వండుకుంటున్న ఇళ్లు నూటికి 59కి కొంచెం తక్కువగానే తేలాయి. మన ఇంట్లో గిన్నెలు కడిగే అమ్మాయి తన ఇంట్లో దేనిమీద వండుకుంటుందో ఎప్పుడైనా అడిగారా? అడగండి. బండ వుండి కూడా రెండోది తెచ్చుకునే డబ్బులేక పొయ్యి అంటించుకునేవాళ్లు వున్నారు.

ఆ అమ్మాయికి చెప్పడానికైనా, మీ పెరటి బాయిలరుకైనా పనికొచ్చే సంగతులు ఇప్పుడు చెప్తాను. మా మేనత్త రాజమండ్రిలో పెద్ద సంసారానికి కట్టెల పొయ్యి మీదే వండేది. అడితినుంచి వచ్చిన కట్టెని ముందు వాసన చూసి, రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టేది. ఖంగున మోగితే ఎండింది, బొద్దుగా పలికితే పచ్చిది. పచ్చిది పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. సరుగుడైనా, తుమ్మైనా, వానాకాలానికి వేసవిలోనే చీల్పించి, వసారాలో గాలి ఆడేటట్టు అడ్డదిడ్డంగా పేర్చి పెట్టించేది. కట్టె బొటనవేలు లావున చీలిస్తే చాలు. లావు మొద్దు పెడితే పైపైన మాడుతుంది, లోపల పొగ చిమ్ముతుంది.

అంటించేటప్పుడు కింద చితుకులు, కొబ్బరిమట్ట ముక్కలు వదులుగా పేర్చండి, పైన సన్నపుల్లలు. మంట నిలిచాకనే కట్టె. పొయ్యి నోరు నిండా కట్టెలు కుక్కొద్దు. పైన సగం గాలికి వదలండి. రెండు మూడు కట్టెల కొసలు ఒకదానికొకటి తగిలీ తగలనట్టుండాలి. దూరంగా వుంటే ఆరిపోతాయి, మరీ దగ్గరైతే గాలి ఆడదు. కాలినకొద్దీ లోపలికి జరపండి. గిన్నె మీద మూత పెట్టండి. పప్పు ముందుగా నానబెట్టండి. అన్నం పొంగు వచ్చాక కట్టె వెనక్కి లాగండి, మిగిలిన నిప్పుల సెగకే మగ్గుతుంది. పొగగొట్టం వుంటే అంటించగానే ఒక నిమిషం గొట్టం చల్లగా వుండి పొగ వెనక్కి తంతుంది. రెండు కొబ్బరాకులు మండించి గొట్టాన్ని వేడెక్కిస్తే లాగడం మొదలుపెడుతుంది. నెలకోసారి తాడుకి గోనెగుడ్డ కట్టి, పైనుంచి కిందికీ మీదికీ లాగి మసి దులిపించండి. పచ్చికట్టె కాల్చే ఇళ్లలో గొట్టం లోపల తారులాంటి జిగట మసి పేరుకుంటుంది, దానికే ఒకరోజు నిప్పు అంటుకోవచ్చు. గడ్డికప్పు వున్నచోట అది మామూలు ప్రమాదం కాదు.

ఇక చీర సంగతి. పొయ్యి దగ్గర నైలాను, పాలిస్టరు కట్టొద్దు. అది మండడమే కాదు, కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలుచీర కట్టి కొంగు నడుముకి దోపుకోండి. ఆరిపోతున్న పొయ్యిలో కిరసనాయిలు డబ్బా వంచడం ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో మనకి తెలియంది కాదు. ఎండుతాయని కట్టెల్ని పొయ్యి అంచున ఆరేసి నిద్రపోకండి. పొయ్యి వున్న గదికి ఒక కిటికీ అయినా తెరిచి వుండాలి. పసిపిల్లని చంకనేసుకుని వండొద్దు, ఆ పొగ వాళ్లకి మనకన్నా ఎక్కువ హాని.

పొగ లేదు గదా అని బొగ్గుల కుంపటి చలికాలం పడకగదిలో పెట్టుకుని తలుపులు మూసుకోవద్దు సుమండీ. బొగ్గు కాలుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. నిద్రలో వున్నవాళ్లు నిద్రలోనే పోతారు. పొగగొట్టంలో దారి తగ్గించే రేకు వున్నవాళ్లు కూడా లోపల నిప్పులు వుండగా దాన్ని పూర్తిగా మూయకూడదన్నది ఇందుకే.

పని అయ్యాక పొయ్యిలో నీళ్లు గుమ్మరించొద్దు. ఆవిరీ బూడిదా ముఖాన కొడతాయి, మట్టిపొయ్యి పగుళ్లు తీస్తుంది. కట్టెలు బయటికి లాగి కొసలకి బూడిద అద్ది ఆర్పండి. నిప్పుల్ని పటకారుతో ఒక పాత కుండలో వేసి మూత బిగిస్తే గాలి అందక ఆరిపోతాయి, మర్నాటి కుంపటికి బొగ్గులవుతాయి. బూడిద మాత్రం ఆ పూటే ఎత్తి పెరట్లో పారబోయకండి. పైకి చల్లగా కనిపించినా లోపల కణిక మర్నాటిదాకా బతికే వుంటుంది. ఇనపరేకు డబ్బాలో మూతపెట్టి, పూర్తిగా చల్లారాక తీసి గిన్నెలు తోమడానికో, వంగమొక్కల మీద చల్లడానికో వాడుకోండి.